అంగిలి – దాని నిర్మాణము, చీలిక

ఎద్దును కొనునపుడు దాని నోరు తెరచి పళ్లు చూచుట మీకు అలవాటే. పై దవడకు ముందు పళ్లుండవు; ఆ చోట గట్టి మెత్త యుండును. దాని వెనుక చాళ్లు తీసిన చేనువలె అడ్డగట్లతో నున్నదే అంగిలి. మన ఇంట పుట్టిన బిడ్డకు కూడ అంగిలిని చూడవలెనని మాత్రము మనకు తోచదు.

నాలుక కొనను పైకి ఆనించి వెనుకకు జరిపి చూడుడు. ముందు భాగము గట్టిగా తగులును, అది ఎముక. వెనుక భాగము మెత్తన, అది కండరము. దాని చివర వ్రేలాడునదే కొండనాలుక. మ్రింగునపుడు ఈ మెత్తని భాగము పైకి లేచి ముక్కు దారిని మూయును.

గర్భములో సుమారు 6వ వారము మొదలు 12వ వారము లోపల రెండు ప్రక్కల నుండి రెండు పలకలు పెరిగి నడుమ కలియును. కలియనిచో చీలిక మిగులును. పాలు ముక్కులోనికి వచ్చును. పెరిగిన పిదప ‘ప’, ‘క’ వంటి అక్షరములు స్పష్టముగా పలుకవు.

పెదవి చీలికను మనవారు గ్రహణము మొర్రి యందురు. గ్రహణమునాడు కత్తిపీట పట్టినదని తల్లిని నిందింతురు. ఇది తప్పు. దూడలకు కూడ ఈ చీలిక వచ్చును. అమెరికాలో చూడి ఆవులు లుపిన్ అను మొక్కను మేసినందున అట్టి దూడలు పుట్టినవి. ఆ ఆవులు ఏ కత్తిపీట పట్టినవి?

చేయవలసిన పనులు:

1. పెదవి బాగుగా నున్నను అంగిలి చీలి యుండవచ్చును. పుట్టిన వెంటనే దీపపు వెలుగులో నోటి పైభాగమును వైద్యునిచేత చూపించవలెను.

2. బిడ్డను నిటారుగా పట్టుకొని, పిండిన తల్లిపాలను ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టవలెను.

3. ఆలస్యము చేయరాదు. పెదవికి సుమారు 3 నుండి 6 నెలలలో, అంగిలికి 9 నుండి 18 నెలలలో శస్త్రచికిత్స చేయుదురు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో ఈ లోపము చేరియున్నది. ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చూపి, జిల్లా కేంద్రమునకు చీటీ పొందవలెను. హైదరాబాదుకు పోవలసి వచ్చినచో, అమీర్‌పేట తరువాతి మెట్రో స్టేషను పంజాగుట్ట. అచ్చటి నిమ్స్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగము కలదు.

గ్రామోద్యోగులకు మనవి: అట్టి బిడ్డ పుట్టినట్లు తెలిసిన నాడే ఆ ఇంటికి పోయి, తల్లికి ధైర్యము చెప్పి, దారి చూపుడు. ఈ చీలిక కుట్టిన కలియును.