పుట్టుకతో వచ్చిన కాలివాపు బోదకాలు కాదు

మా వైద్యశాల శాలిబండలో ఉన్నది. మూసీ చేరువ గనుక దోమలకు కొదువ లేదు. కాలు లావైనచో బోదకాలేనని తేల్చివేయుట ఇచ్చట పరిపాటి. కొన్నేండ్ల క్రితము లాల్‌దర్వాజ నుండి ఒక తల్లి పది నెలల మగబిడ్డను తెచ్చినది. రెండు పాదముల పైభాగములును పూరీలవలె పొంగియున్నవి. అప్పటికే ఒకరు ఫైలేరియా మందు వాడించిరి. రెండేండ్ల లోపు బిడ్డలకు ఆ మందును ప్రభుత్వ సామూహిక పంపిణీలో సైతము ఇయ్యరు. మరియొకరు చీలమండపై వాత పెట్టగా అది చీము పట్టి, బిడ్డ జ్వరముతో మూలుగుచుండెను. గ్రహణమునాడు కోడలు బయట తిరిగినందుననే ఇట్లు పుట్టెనని వెంట వచ్చిన అత్తగారి నింద.

వాపు ఎప్పుడు మొదలైనదని అడిగితిని. "పుట్టినప్పటి సంది ఇట్లనే ఉన్నది, అయ్యగారూ" అన్నదా తల్లి.

పాఠకులు ఈ మాటను గమనింపవలెను. బోదకాలునకు మూలమైన సన్నని పురుగును క్యూలెక్స్ దోమ దేహమున చేర్చిన పిమ్మట, కాలు లావగుటకు సాధారణముగా ఏండ్లు పట్టును. అప్పుడే పుట్టిన శిశువునందు అది కానరాదు. ఈ బిడ్డ విషయము వేరు. రక్తనాళములనుండి ఊరిన ద్రవమును మరల రక్తమునకు చేర్చు లింఫు నాళములు గర్భమునందే లోపముతో ఏర్పడినవి. 1892లో మిల్‌రాయ్ అను అమెరికా వైద్యుడు ఒకే కుటుంబమున ఆరు తరములలో, 97 మందిలో 22 మందికి ఇట్టి వాపును గుర్తించి వ్రాసెను. నేడది ఎఫ్.ఎల్.టి.4 అను జన్యువు లోపమని తెలిసినది. తల్లికో తండ్రికో ఉన్నచో ప్రతి కాన్పునందును బిడ్డకు సంక్రమించుటకు సగము అవకాశము కలదు.

సుశ్రుతాచార్యులు శుక్రశోణిత దోషమువలన కలుగు వ్యాధులను ఆదిబలప్రవృత్తములనియు, గర్భిణి అపచారముల వలన కలుగువానిని జన్మబలప్రవృత్తములనియు వేరుపరచిరి. ఇది మొదటి కోవకు చెందినది. కావున తండ్రిని చెప్పులు విడువుమంటిని. అతని పాదములును ఉబ్బియున్నవి. వ్రేళ్ళ గోళ్ళు పైకి లేచియున్నవి. "మా ఇంట్ల అందరి కాళ్ళు గంతే" అని అత్తగారే అనేసి, ఊరకున్నది.

శ్లీపదమునకు శాస్త్రము సిరావ్యధము చెప్పినది నిజమే. ఈ బిడ్డలకు మాత్రము రక్తమోక్షణము, జలగలు, వాతలు, ఘాటు లేపనములు ఎంతమాత్రము కూడవు. చర్మము చిట్లినచోట క్రిములు చేరి విసర్పము పుట్టును. అది వచ్చిన ప్రతిసారియు మిగిలిన నాళములు మరికొంత చెడును. ఎరుపు, మంట, జ్వరము కనిపించిన నాడే ఆసుపత్రికి పోవలెను. నేనును బిడ్డను ఆ పూటనే పంపితిని. యాంటీబయాటిక్ మందులతో తేరుకొన్నాడు.

నవజాత ఆడశిశువునకు కాళ్ళు చేతులు ఉబ్బియున్నచో టర్నర్ లక్షణమేమోనని క్రోమోజోముల పరీక్ష చేయింపవలెను. మెడపై మెత్తని తిత్తివంటి వాపున్నచో అది శ్వాసకు అడ్డము రావచ్చును, జాగు చేయరాదు.

మూలమును మాన్పు మందు నా యొద్ద లేదు, అల్లోపతియందును లేదు. దినమును పాదములు కడిగి, వ్రేళ్ళ సందులు తడి లేకుండ తుడిచి, పలుచగా కొబ్బరినూనె రాయవలెను. వట్టి కాళ్ళతో నడువనీయరాదు. నడక వచ్చిన పిమ్మట ఫిజియోథెరపిస్టు కొలత తీసి ఇచ్చిన బిగుతు మేజోళ్ళు తొడుగవలెను. ఆ బాలుడిప్పుడు బడికి పోవుచున్నాడు. ఎండాకాలమున మేజోళ్ళు విప్పి పారవేయుచున్నాడని తల్లి మొన్ననే వచ్చి చెప్పినది.