లావు టైరు సైకిలు కట్టబోతున్న మేనల్లుడికి



లావు టైరు సైకిలు కట్టడం టైరుతో మొదలవుతుంది. మామూలు సైకిలు కొనేవారు ముందు ఫ్రేము చూస్తారు, తర్వాత గేర్లు, అన్నిటికన్నా చివర టైర్లు. ఇక్కడ ఆ వరస పూర్తిగా తిరగబడాలి. మన ఊళ్లలో పాలక్యాన్లు మోసిన పాత సైకిలు టైరు వెడల్పు ఒకటిన్నర అంగుళం. కొండదారుల సైకిలుకి రెండున్నర లోపు. లావు టైరు 3.8 అంగుళాల దగ్గర మొదలై 5 దాకా పోతుంది. ఈ ఒక్క అంకె తేలితే రిమ్ము వెడల్పు, హబ్బు పొడవు, పెడళ్ల మధ్య ఎడం, గొలుసు నడిచే దారి అన్నీ తేలతాయి. అది తేలకముందే ఎక్కడో చవగ్గా దొరికిందని హబ్బో క్రాంకో కొనిపెట్టుకుంటే, ఫ్రేము వచ్చిన రోజున ఒకదానికొకటి అతకని సామాను ఇంటి మూలన మిగులుతుంది.

అంత వెడల్పు ఎందుకో తెలిస్తే మిగతా నిర్ణయాలు తేలికవుతాయి. టైరు నేలని నొక్కే ఒత్తిడి, ఉజ్జాయింపుగా, దాని లోపలి గాలి ఒత్తిడంత ఉంటుంది. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలనుకుంటే 187 పౌండ్లు. 50 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 50 పౌండ్లు) గాలితో రెండు చక్రాలూ కలిసి నాలుగు చదరపు అంగుళాల లోపే నేలకి ఆనతాయి. అదే 5 పీఎస్‌ఐ అయితే 37 చదరపు అంగుళాలు ఆనాలి. టైరు గోడల బిగువు కొంత బరువుని తానే మోస్తుంది కాబట్టి నిజం లెక్క కాస్త తగ్గుతుంది కానీ తేడా మాత్రం ఆ స్థాయిలోనే ఉంటుంది. మనిషి ఒంటికాలి మీద నిలబడినప్పుడు చెప్పు కింద పడే ఒత్తిడి కూడా ఇంచుమించు 5 పీఎస్‌ఐయే. అందుకే కాలు దిగబడని మంచు మీద, ఇసుక మీద ఈ సైకిలు కూడా దిగబడదు. సన్నటి టైరులో అంత తక్కువ గాలి పెడితే రిమ్ము నేరుగా నేలకి కొట్టుకుంటుంది. వెడల్పు ఉన్నది తక్కువ గాలితో నడపడానికే. మెత్తటి మంచులో 3 నుంచి 6 పీఎస్‌ఐ, ఇసుకలో 5 నుంచి 8, గట్టి మట్టిదారిలో 8 నుంచి 12, తారురోడ్డు మీద 15 దాటి పెట్టుకుంటారు. మనిషి బరువుని బట్టి ఒకటి రెండు అటూ ఇటూ అవుతాయి.

ఈ బండి ఏ ఒక్క కంపెనీ బుర్రలోంచో పుట్టలేదు. అలాస్కాలో 1987లో మంచుదారి మీద ఇడిటాబైక్ అనే సైకిలు పందెం మొదలైంది. అందులో పాల్గొన్నవాళ్లలో కొందరు రెండు రిమ్ముల్ని పక్కపక్కన కలిపి వెడల్పు సాధించారు. ఫెయిర్‌బ్యాంక్స్‌లో సైమన్ రాకోవర్ స్నోక్యాట్ పేరుతో 44 మిల్లీమీటర్ల రిమ్ము చేశాడు. దక్షిణాన న్యూమెక్సికోలో రే మొలీనా ఇసుక కోసం ఇంకా వెడల్పు రిమ్ములూ టైర్లూ చేయించాడు. ఒకరు మంచు కోసం, ఒకరు ఇసుక కోసం వెతికి చేరింది ఒకే చోటికి. అలాస్కాలోనే మార్క్ గ్రోన్‌వాల్డ్ అలాంటి చక్రాలకి సరిపడే ఫ్రేములు కట్టాడు. 2005లో మినసోటాకి చెందిన సర్లీ కంపెనీ పగ్స్‌లీ అనే స్టీలు సైకిలుని, 3.7 అంగుళాల టైరుని, 65 మిల్లీమీటర్ల రిమ్ముని బజారులోకి తెచ్చాక ఎవరైనా కొనుక్కోగలిగే స్థితి వచ్చింది. ఆ పగ్స్‌లీలో ఒక ఉపాయం ఉంది. వెడల్పు హబ్బులు అప్పట్లో దొరికేవి కావు. అందుకని మామూలు 135 మిల్లీమీటర్ల హబ్బునే వాడి, వెనక ఫ్రేముని 17.5 మిల్లీమీటర్లు గొలుసు వైపుకి జరిపారు. ముందు చక్రానికీ అదే కొలత ఇచ్చారు. చలికి వెనక ఫ్రీవీలు బిగుసుకుపోతే, గొలుసు పల్లె (పళ్ల చక్రం) బిగించి ఉంచుకున్న ముందు చక్రాన్ని వెనకకి మార్చుకుని ఇంటికి చేరవచ్చు. దొరికే సామానుతోనే దారి వెతకడం అంటే ఇదీ.

ఇప్పుడా అవస్థ లేదు, కానీ కొలతలు పెరిగిపోయి కొత్త చిక్కు తెచ్చాయి. వెనక హబ్బు 170, 190 మిల్లీమీటర్లలో ఉంటుంది. లోపలినుంచి దూరి బిగుసుకునే 12 మిల్లీమీటర్ల లావు యాక్సిలు రకమైతే అవే 177, 197 అవుతాయి. నాలుగు అంగుళాల టైరుకి 177 చాలు. ఐదుకి దగ్గరగా వెళ్లాలంటే 197 ఉండాలి, లేకపోతే పెద్ద పల్లె మీదికి వచ్చిన గొలుసు టైరుకి రాసుకుంటుంది. ముందు పాత రకం 135. 2014లో రాక్‌షాక్స్ బ్లూటో అనే కుదుపు (సస్పెన్షన్) ఫోర్కు వచ్చాక 150 వెడల్పు, 15 మిల్లీమీటర్ల యాక్సిలు వాడుకలో స్థిరపడింది. కొత్తగా కట్టేవారికి 150, 197 జత మంచిది. ఇవాళ నాలుగు అంగుళాలు చాలనుకున్నవారే ఒక శీతకాలం గడిచాక ఇంకా లావు టైరు కావాలంటారు.

క్రాంకు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. లావు టైరు సైకిల్లో క్రాంకు ఇరుసు తిరిగే బొటమ్ బ్రాకెట్ గొట్టం మరలున్న రకమైతే సాధారణంగా 100 మిల్లీమీటర్లు, కార్బన్ ఫ్రేముల్లో నొక్కి కూర్చోబెట్టే రకం తరచుగా 121. ఇంత వెడల్పు వల్ల రెండు పెడళ్ల మధ్య ఎడం 200 మిల్లీమీటర్లు దాటుతుంది. రోడ్డు సైకిలుకి అది 150 దగ్గర ఉంటుంది. మోకాలి నొప్పి ఉన్నవారు, తుంటి వెడల్పు తక్కువగా ఉన్నవారు ఇలాంటి సైకిలు ఒకటి అద్దెకి తీసుకుని రెండు మూడు గంటలు తొక్కి చూడకుండా ఫ్రేము కొనకూడదు. ఈ ఇబ్బందిని తర్వాత ఏ ఖరీదైన భాగమూ తీర్చలేదు.

ఫ్రేము మీద రాసి ఉండే టైరు పరిమితి ఏ రిమ్ము మీద కొలిచారో కూడా అడిగి తెలుసుకోవాలి. ఒకే టైరు 65 మిల్లీమీటర్ల రిమ్ము మీద ఒక వెడల్పు, 100 మీద ఇంకో వెడల్పు తేలుతుంది. నాలుగు అంగుళాల టైరుకి 65 నుంచి 80, ఐదుకి దగ్గరి టైరుకి 80 నుంచి 100 రిమ్ము నప్పుతుంది. టైరుకీ ఫ్రేముకీ మధ్య ఇరువైపులా కనీసం 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. బురదలోనూ తడిమంచులోనూ ఇంకా ఎక్కువ కావాలి. ఆ ఖాళీలో ఇరుక్కున్న గులకరాయి కార్బన్ గొట్టాన్ని ఆకురాయిలా అరగదీస్తుంది.

ఇక కార్బన్. స్టీలుతో కట్టిన లావు టైరు సైకిలు పదహారు కిలోల చుట్టూ తూగుతుంది. కార్బన్ ఫ్రేము, ఫోర్కు, రిమ్ములతో కడితే పదకొండు, పన్నెండుకి దించవచ్చు. ఆ నాలుగైదు కిలోలు ఎక్కడ తగ్గాయన్నది ఎన్ని తగ్గాయన్నదానికన్నా ముఖ్యం. ఒక్కో టైరే కిలోంబావు నుంచి కిలోన్నర ఉంటుంది, దాని లోపలి ట్యూబు ఇంకో నాలుగైదు వందల గ్రాములు. 80 మిల్లీమీటర్ల అల్యూమినియం రిమ్ము కిలోకి దగ్గరగా ఉంటే, అదే వెడల్పు కార్బన్ రిమ్ము ఆరేడు వందల గ్రాముల్లో వస్తుంది. అంచున తిరిగే బరువుని వేగం పెంచే ప్రతిసారీ ముందుకి కదపాలి, తిప్పాలి కూడా. మంచులో, ఇసుకలో సైకిలు అడుగడుగునా వేగం కోల్పోతుంది, అడుగడుగునా మళ్లీ పుంజుకోవాలి. కాబట్టి కార్బన్‌కి పెట్టే మొదటి రూపాయి రిమ్ములకి, ట్యూబు లేని ఏర్పాటుకి వెళ్లాలి. తర్వాత ఫోర్కుకి, ఆ తర్వాతే ఫ్రేముకి. చాలామంది కంటికి ముందు కనిపిస్తుందని ఫ్రేముతో మొదలుపెడతారు. బరువైన చక్రాలు తగిలించిన కార్బన్ ఫ్రేము కన్నా తేలిక చక్రాలున్న అల్యూమినియం సైకిలు తొక్కడానికి హాయిగా ఉంటుంది.

రాళ్లదారి ఎక్కువైతే ఈ సలహాకి ఒక మినహాయింపు ఉంది. గాలి తక్కువగా ఉన్న టైరు రాయి అంచున నలిగితే దెబ్బ రిమ్ముకి తగులుతుంది. అల్యూమినియం అయితే సొట్ట పడుతుంది, సుత్తితోనో రెంచితోనో సరిచేసుకుని ఇల్లు చేరవచ్చు. కార్బన్ సొట్ట పడదు, పగులుతుంది.

ఫోర్కు విషయంలో మంచుకీ ఇసుకకీ కుదుపు ఫోర్కు అక్కర్లేదు. టైరే మెత్తగా ఒదుగుతుంది. గట్టి కార్బన్ ఫోర్కు కుదుపు ఫోర్కు కన్నా దాదాపు కిలో తేలిక. వేళ్లూ రాళ్లూ ఉన్న దారిలో మాత్రం టైరు బంతిలా ఎగరేస్తుంది, ఎందుకంటే ఎగిరిన వేగాన్ని మింగే నూనె దానిలో లేదు. ఏ ఫోర్కు తీసుకున్నా యాక్సిలు నుంచి పైకిరీటం దాకా ఉన్న ఎత్తు ఫ్రేము అడిగినదానికి సరిపోవాలి. ఆ ఎత్తు 20 మిల్లీమీటర్లు మారితే హ్యాండిల్ గొట్టం వాలు సుమారు ఒక డిగ్రీ మారి, బండి నడిచే తీరే మారిపోతుంది. హ్యాండిల్ బారు కార్బన్‌ది అయితే బరువులో తగ్గేది నూరు గ్రాములే. అయినా చలిదేశంలో దానికి విలువుంది, అది లోహంలా అరచేతి వేడిని లాగేయదు.

పేరులేని కార్బన్ భాగాలు సగం ధరకే దొరుకుతాయి. వాటిలో మంచివీ ఉన్నాయి, పేరున్న కంపెనీ గుర్తు అతికించిన నకిలీలూ ఉన్నాయి, పైపొర కింద ఏముందో కంటికి తెలియదు. ఐఎస్ఓ 4210 ప్రకారం పరీక్ష చేసిన కాగితం చూపించలేని ఫోర్కూ హ్యాండిలూ ఎంత చవకైనా వద్దు. ఈ రెండూ విరిగితే మనిషి ముఖం మీద పడతాడు. ఖర్చు తగ్గించుకోవలసి వస్తే గేర్లలో తగ్గించుకోవచ్చు.

బిగింపు దగ్గరే కార్బన్ ఎక్కువగా చస్తుంది. మన సైకిలు షాపుల్లో నట్టు బిగువు చేతికి తెలుస్తుంది. లోహం కాస్త సాగి హెచ్చరిస్తుంది, అనుభవమున్న చేయి ఆగుతుంది. కార్బన్‌కి ఆ సాగుడు లేదు. అందుకే బిగువు కొలిచే టార్క్ రెంచి ఫ్రేముకన్నా ముందు కొనాలి. హ్యాండిల్, స్టెమ్, సీటు గొట్టం దగ్గర సాధారణంగా 4 నుంచి 6 న్యూటన్ మీటర్లు. భాగం మీద అచ్చువేసిన అంకె ఏదైతే అదే ఆఖరి మాట. రెండు భాగాల మీద రెండు అంకెలుంటే చిన్నది పాటించాలి. గ్రీజు రాయకూడదు. జారుతోందని ఇంకా బిగించడమూ కూడదు. సన్నటి రేణువులు కలిసిన కార్బన్ పేస్టు రాస్తే తక్కువ బిగువుకే పట్టు దొరుకుతుంది. ఫోర్కు గొట్టంలోకి లోహపు ఫోర్కుల్లో కొట్టే నక్షత్రపు నట్టు దింపకూడదు, అది లోపలి పోగుల్ని చీరేస్తుంది. లోపల విచ్చుకుని పట్టుకునే ప్లగ్గు వాడాలి. గొట్టం కోసేటప్పుడు సన్నపళ్ల రంపంతో, తడి చేస్తూ, ముక్కుకి మంచి మాస్కు కట్టుకుని కోయాలి. ఆ ధూళి ఊపిరితిత్తులకి హాని. ముందు ఒక సెంటీమీటరు ఎక్కువ ఉంచి, నాలుగు రోజులు తొక్కాక మిగతాది కోయడం మేలు.

కార్బన్ విద్యుత్తుని ప్రసరింపజేస్తుంది కాబట్టి, తడీ ఉప్పూ తోడైతే దానికి ఆనుకున్న అల్యూమినియం తినేయబడుతుంది. అమెరికాలో చలికాలం రోడ్లమీద చల్లే ఉప్పయినా, సూర్యలంక తీరంలో కెరటాల ఉప్పయినా చేసే పని ఒకటే. కార్బన్ ఫ్రేములో అల్యూమినియం సీటు గొట్టం ఏడాదిపాటు కదపకుండా వదిలేస్తే ఊడి రాకపోవచ్చు. రెండు మూడు నెలలకొకసారి బయటికి తీసి తుడిచి మళ్లీ పేస్టు రాయాలి. ఇదే కారణంతో కార్బన్ రిమ్ముకి పుల్లల నిప్పుల్స్ ఇత్తడివి వేయాలి, అల్యూమినియంవి వద్దు.

చక్రం అల్లడం ఇంట్లో నేర్చుకోదగ్గ పనే. పుల్లల పొడవు లెక్కకి కంపెనీ ఇచ్చిన రిమ్ము వ్యాసం నమ్మకుండా, చేతిలో ఉన్న రిమ్ముని రెండు పుల్లలతో కొలుచుకోవాలి. వెడల్పు రిమ్ములో నిప్పుల్ రంధ్రాలు మధ్యనుంచి రెండు పక్కలకీ విడిపోయి ఉంటాయి, అందుకని ఏ రంధ్రం ఏ వైపు హబ్బు అంచుకి వెళ్లాలో ముందే గుర్తుపెట్టుకోవాలి. బెండు తీసేటప్పుడు పుల్లల బిగువు మీటరుతో చూస్తూ, రిమ్ము కంపెనీ చెప్పిన హద్దు దాటకూడదు.

ట్యూబు లేని టైరుకి రిమ్ము మీద టేపు వేసి, ఒక్కో చక్రానికి సుమారు 120 నుంచి 180 మిల్లీలీటర్ల సీలెంటు పోస్తారు. లావు టైరు అంచు రిమ్ము గట్టుమీద కూర్చోవాలంటే గాలి ఒక్కసారిగా రావాలి, చేతిపంపుతో చాలాసార్లు కాదు. కంప్రెసర్ ఉన్న చోటికి తీసుకెళ్లాలి. మామూలు గేజీ 5కీ 8కీ తేడా చూపదు. 15 లేక 30 వరకే కొలిచే చిన్న గేజీ ఈ సైకిలుకి తప్పనిసరి. చలిలో ఒక లెక్క గుర్తుండాలి: ఇరవై డిగ్రీల గదిలో 8 పీఎస్‌ఐ పెట్టి, సున్నాకి దిగువ ఇరవైలో బయటికి వస్తే అది 5కి పడిపోతుంది. గాలి కారలేదు, చల్లబడింది, అంతే.

బ్రేకులు డిస్కువే. గేర్లకి ముందు ఒక్క పల్లె, 28 లేక 30 పళ్లది, వెనక పెద్ద పల్లె 46 లేక 50 పళ్లది ఉంటే సరిపోతుంది. తీవ్రమైన చలిలో ఖనిజ నూనె చిక్కబడి దానితో పనిచేసే బ్రేకులు మందగిస్తాయి. ఇంటర్నేషనల్ ఫాల్స్ నుంచి టవర్ దాకా 135 మైళ్లు సాగే మినసోటా యారోహెడ్ పందెం లాంటి చోట్లకి తీగ లాగే డిస్కు బ్రేకే నమ్మకమైనది. హబ్బు లోపలి గ్రీజు కూడా చలికి గట్టిపడనిది ఉండాలి.

సైకిలు తయారయ్యాక మొదటి యాభై కిలోమీటర్లకి ప్రతి బోల్టునీ టార్క్ రెంచితో మళ్లీ చూడాలి. పుల్లలు సర్దుకుంటాయి కాబట్టి బెండు కూడా మళ్లీ తీయాలి. పడిన ప్రతిసారీ ఫ్రేముని, ఫోర్కుని తడిగుడ్డతో తుడిచి వెలుతురులో గీతలు వెతకాలి, నాణెంతో తట్టుతూ పోవాలి. టంగుమనే చప్పుడు ఒకచోట మొద్దుబారితే లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు. హ్యాండిల్ బారు గట్టి దెబ్బ తింటే, పైకి గీత కనిపించకపోయినా, మార్చేయాలి.

ఇట్లు,
మామయ్య