మైదానం కూడా అమానతే

ప్రళయదినాన ఐదు ప్రశ్నలకు సమాధానం చెప్పనిదే మనిషి పాదాలు కదలవని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆయుష్షు ఎలా గడిపావు, యవ్వనాన్ని దేనిలో వెచ్చించావు, ధనం ఎలా సంపాదించావు, దేనికి ఖర్చు చేశావు, నేర్చిన జ్ఞానాన్ని ఎంతవరకు ఆచరించావు అన్నవే ఆ ప్రశ్నలు (తిర్మిజీ). యవ్వనం ఆయుష్షులో భాగమే. అయినా దాని లెక్క విడిగా అడగబడుతుంది!

ఆటలను ఇస్లాం కాదనలేదు. దైవప్రవక్త (స) గుర్రాల పరుగుపోటీలు జరిపించారు, విలువిద్యను ప్రోత్సహించారు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఆదివారం వచ్చినా, పండుగ వచ్చినా మన పిల్లలు బ్యాటు పట్టుకుని మైదానానికి పరుగెత్తడం సంతోషకరమే. కాని బౌండరీ గీత అవతల పెద్దలు సిగరెట్ కాలుస్తూ స్కోరు అడుగుతుంటారు. యువకులు గుట్కా నములుతూ బౌలింగ్ చేస్తారు. బంతి ఏరుకొచ్చే పన్నెండేళ్ళ కుర్రాణ్ణే కిళ్ళీకొట్టుకు పంపుతారు. ఆ కుర్రాడు ఆ రోజు ఆటతోపాటు మరొకటి కూడా నేర్చుకుని ఇల్లు చేరతాడు.

మైదానంలో పొగాకు వద్దని నియమం పెట్టుకుందామంటే మనకు సాధారణంగా మూడు జవాబులు వినిపిస్తాయి.

ఆరుబయటే కదా!

గాలికి పొగ పోతుందన్నది మొదటి జవాబు. ఉల్లి, వెల్లుల్లి హలాల్ ఆహారమే. అయినా వాటిని పచ్చిగా తిని ఆ వాసనతో మస్జిదుకు రావద్దని దైవప్రవక్త (స) వారించారు (బుఖారీ, ముస్లిం). పక్కవానికి కలిగే ఇబ్బందికే అంత విలువ ఉంటే, ఊపిరితిత్తులను పాడుచేసే పొగ మాటేమిటి? పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. పరుగెత్తే కుర్రాడికి కావలసింది సరిగ్గా ఆ ఆక్సిజనే.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2008 అక్టోబరు 2 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం స్టేడియంలు, రైల్వేస్టేషన్లు, బస్టాండ్లలో పొగ తాగడం నిషిద్ధం. విద్యాసంస్థలూ బహిరంగ స్థలాలే. 2003 చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వారికి గాని, విద్యాసంస్థకు 100 గజాల లోపల గాని పొగాకు అమ్మకూడదు. పిల్లలకు పొగాకు ఇచ్చిన వారికి 2015 నాటి బాలల న్యాయ చట్టం ఏడేళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష విధించింది.

మక్రూహే కదా!

పొగాకు ముస్లిం దేశాలకు చేరింది హిజ్రీ వెయ్యో సంవత్సరం ప్రాంతంలో. అందుకే తొలి ఇమాముల గ్రంథాల్లో దాని ప్రస్తావన లేదు. తర్వాతి ఉలమాలలో అభిప్రాయభేదం కలిగింది. డమాస్కస్‌కు చెందిన అబ్దుల్ గనీ నాబులుసీ (మరణం: హి. 1143) అది ముబాహ్ అని ఒక గ్రంథమే రాశారు. అనేకమంది మక్రూహ్ అన్నారు. దాని హాని వైద్యపరంగా రుజువైన మన కాలంలో షేఖ్ ఇబ్నె బాజ్ వంటి ఎందరో హరామ్ అని తీర్పు చెప్పారు.

ఈ చర్చను కాసేపు పక్కన పెడదాం. మక్రూహ్ అంటే చేయవచ్చని కాదు, వదిలేయమని. అంతేకాదు, పొగాకు విషయంలో ఎంత సడలింపు ఇచ్చినవారైనా పొరుగువాని బిడ్డకు దాన్ని అలవాటు చేయవచ్చని అన్నారా? ఇతరులకు హాని కలిగించరాదన్న హదీసు (ఇబ్నెమాజా) అందరికీ ప్రమాణమే. స్వహస్తాలతో వినాశనంలో పడవద్దన్న ఖుర్ఆన్ ఆజ్ఞ (బఖరా: 195) కూడా అందరికీ తెలిసినదే. కాబట్టి ఫత్వాలో భేదమున్నా మైదానం నియమంలో భేదం ఉండనవసరం లేదు.

మన ప్రాంతం పంటే అది!

నిజమే. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. ఎన్నో కుటుంబాలు ఈ పంట మీద, కిళ్ళీకొట్ల మీద బతుకుతున్నాయి. వారి జీవనోపాధి వేరే చర్చ. మైదానం నియమం ఎవరి పొలాన్నీ పెరకదు, ఎవరి కొట్టునూ మూయదు. ఆడుకునే పిల్లల కళ్ళముందు పొగాకు ఉండకూడదని మాత్రమే అంటుంది.

1996 క్రికెట్ ప్రపంచకప్పు విల్స్ అనే సిగరెట్ పేరుతోనే జరిగింది. పిల్లలకు ఇష్టమైన ఆట పక్కన ఆ పేరు ఊరికే నిలబెట్టలేదు. పొగాకు ప్రకటనలను, ప్రాయోజకత్వాన్ని 2003 చట్టం నిషేధించింది. కనుక మన చిన్న టోర్నమెంటు బ్యానర్ మీద కూడా ఆ పేర్లకు చోటివ్వరాదు.

ఏం చేయాలి?

ప్రతి ఒక్కరూ ఒక కాపరి, తమ మంద గురించి ప్రశ్నించబడతారు (బుఖారీ, ముస్లిం). మస్జిద్ కమిటీ, టీము పెద్దలు కూర్చుని మష్వరా చేయాలి. ఆటకు ముందే నియమం ప్రకటించాలి. పిల్లలచేత పొగాకు తెప్పించరాదు. కెప్టెన్, అంపైరు మొదట తామే పాటించాలి. అలవాటు ఉన్న సోదరుణ్ణి అందరిలో అవమానించకూడదు. పక్కకు పిలిచి ప్రేమతో చెప్పాలి. మానాలనుకునే వానికి డాక్టరును చూపించాలి. అతడు మన శత్రువు కాడు, వ్యసనంలో చిక్కుకున్న మన తమ్ముడు.

2002లో మక్కా, మదీనా నగరాలను పొగాకు రహితంగా ప్రకటించారు. ఆ పవిత్ర నగరాల వైపు మనసు తిప్పుకునే మనం మన వీధి చివరి మైదానాన్ని శుభ్రంగా ఉంచలేమా? రేపు మన పిల్లల యవ్వనం గురించి ప్రశ్న వచ్చినప్పుడు, దాన్ని పాడుచేసిన వారి జాబితాలో మన పేరు లేకుండా అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.