సల్ఫైట్లు: వైన్ నుంచి బెల్లం దాకా

పోటీ పరీక్షల ప్రత్యేకం – జనరల్ సైన్స్

సల్ఫర్ డైఆక్సైడ్, దాని లవణాలే సల్ఫైట్లు. ఆహార సంకలితాలుగా వీటి సంఖ్యలు ఐఎన్ఎస్ 220 నుంచి 228 వరకు. ఇవి సూక్ష్మజీవులను అదుపు చేస్తాయి, ఆహారం రంగు మారకుండా ఆపుతాయి. వైన్ పులిసేటప్పుడు ఈస్ట్ కూడా కొంత సల్ఫైట్‌ను సహజంగానే తయారుచేస్తుంది.

ఉత్తరాంధ్రలో: శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వైన్ కన్నా బెల్లం వాడకమే ఎక్కువ. చెరకు రసం మరిగేటప్పుడు సోడియం హైడ్రోసల్ఫైట్ (వాడుకలో 'హైడ్రోస్') వేస్తే బెల్లం పసుపుగా మెరుస్తుంది. నిల్వ ఉంచితే ఆ మెరుపు తగ్గి నల్లబడుతుంది. మడ్డి తీయడానికి బెండ మొక్కల జిగురు మేలైన ప్రత్యామ్నాయం. ముదురు రంగు బెల్లాన్ని చిన్నచూపు చూడకూడదు.

ఆరోగ్యంపై ప్రభావం
• శరీరంలోని సల్ఫైట్ ఆక్సిడేజ్ ఎంజైమ్ సల్ఫైట్‌ను సల్ఫేట్‌గా మారుస్తుంది. అందుకే ఎక్కువమందికి కొద్ది మోతాదుతో హాని ఉండదు.
• ఆస్తమా ఉన్నవారిలో కొందరికి ఆయాసం, దద్దుర్లు రావచ్చు.
• సల్ఫైట్లు విటమిన్ బి1ను నాశనం చేస్తాయి.
• వైన్ తాగాక వచ్చే తలనొప్పికి సల్ఫైట్లే కారణమని రుజువు కాలేదు.

గుర్తుంచుకోండి
• రోజువారీ పరిమితి: కిలో శరీర బరువుకు 0.7 మి.గ్రా. అంటే 60 కిలోల వ్యక్తికి 42 మి.గ్రా.
• బెల్లంలో సల్ఫర్ డైఆక్సైడ్ పరిమితి: 70 పీపీఎం. ఆ స్థాయిలో 50 గ్రాముల బెల్లంతో అందేది 3.5 మి.గ్రా.
• కిలోకు 10 మి.గ్రా. లేదా అంతకు మించి ఉంటే లేబుల్‌పై తెలపాలి.

ప్రాక్టీస్ బిట్: సల్ఫైట్ ఆక్సిడేజ్‌కు అవసరమైన లోహం?
జవాబు: మాలిబ్డినం.