జాడీల అరుగు

పాఠ్యభాగ ఉద్దేశం

పరదేశంలో నివసించే ఒక తెలుగు కుటుంబం దక్షిణ కొరియా ప్రజల ఆహారపద్ధతులను, ఆచారవ్యవహారాలను స్వయంగా చూసి తెలుసుకొన్న తీరును ఈ పాఠం వివరిస్తుంది. ఒక జాతి భోజనం వెనుక ఉన్న శ్రమను, ఓర్పును, చరిత్రను గుర్తించినప్పుడే ఆ జాతిపట్ల గౌరవం కలుగుతుందని తెలియజేయడం దీని ఉద్దేశం. ఇది యాత్రారచన ప్రక్రియకు చెందినది.

పాఠం

మనిషి తన ఊరిని విడిచి వెళ్ళగలడు గాని, తన వంటింటిని విడిచి వెళ్ళలేడు. వేషం కొన్నాళ్ళకు మారుతుంది. మాట కొంత మారుతుంది. నాలుక మాత్రం పుట్టిన గడ్డ రుచిని అంత త్వరగా మరవదు. అందుచేతనే దేశాంతరం వెళ్ళే తెలుగువారి పెట్టెలలో బట్టలకంటె ముందు ఊరగాయ సీసాలు చోటు చేసుకొంటాయి. అయితే వాటితోపాటు ప్రయాణం చేసే వాసనను కొత్త దేశం ఎట్లా స్వీకరిస్తుందన్న సందేహం ప్రవాస కుటుంబాలను వెంటాడుతూనే ఉంటుంది.

మావారి ఉద్యోగరీత్యా మేము దక్షిణ కొరియాలోని సువోన్ నగరంలో నివాసం ఏర్పరచుకొన్నాము. ఇది రాజధాని సియోల్‌కు దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1794–1796 మధ్య జోంగ్జో రాజు కట్టించిన హ్వాసోంగ్ కోట ఈ నగరానికి ఆభరణం. కోట అందం కళ్ళను ఆకట్టుకొన్నా, మొదటి నెలలలో మా మనసులు కుదుటపడలేదు. పదేళ్ళ మా అమ్మాయి ఒకనాడు బడినుంచి వచ్చి, "అమ్మా! రేపటినుంచి డబ్బాలో ఆవకాయ అన్నం పెట్టవద్దు. మూత తీయగానే అందరూ నావైపే చూస్తున్నారు" అన్నది. ఆనాటినుంచి మా ఇంట్లో కిటికీలు మూసి పోపు పెట్టడం అలవాటైంది.

ఆషాఢమాసంలో మా అత్తగారు కాకినాడనుంచి వచ్చారు. ఆవిడ శాకాహారి; నియమం తప్పని మనిషి. ఇంటి పరిస్థితిని నాలుగు రోజులు గమనించి, "మన తిండిని వాళ్ళెరుగరు, సరే. వాళ్ళ తిండిని మనం ఎరుగుదుమా? ముందు వెళ్ళి చూద్దాం పదండి" అన్నారు. ఆవిడ నోట ఆ మాట రావడం మాకు ఆశ్చర్యం కలిగించింది. ఆ ఆదివారమే మా విహారాలు ఆరంభమైనాయి.

మొదట సువోన్‌కు సమీపాన ఉన్న యోంగిన్ నగరంలోని జానపద గ్రామానికి వెళ్ళాము. పూర్వకాలపు కొరియా పల్లెను కళ్ళకు కట్టే ఈ గ్రామాన్ని 1974లో ప్రారంభించారు. అక్కడి ఇండ్లలో 'ఓందోల్' అనే ఏర్పాటు ఉంది. వంటింటి పొయ్యిలోని వేడి, పొగ నేలకింద రాళ్ళమధ్య ఉన్న దారులగుండా సాగి గది అంతటినీ వెచ్చబరుస్తాయి. అందుకే కొరియావారు చెప్పులు గుమ్మం దగ్గరనే విడిచి, నేలపై కూర్చోవడానికి, పడుకోవడానికి అలవాటుపడ్డారు.

ఇండ్ల వెనుక, ఎండ చక్కగా తగిలేచోట ఎత్తైన అరుగులు ఉన్నాయి. వాటిపై చిన్నవీ పెద్దవీ మట్టిజాడీలు బారులు తీరి ఉన్నాయి. ఈ అరుగును 'జాంగ్‌దోక్‌దే' అనీ, జాడీలను 'ఒంగీ' అనీ అంటారు. జాడీ గోడలో కంటికి కనబడని సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. వాటిద్వారా గాలి ఆడుతూ, లోపలి పదార్థం చెడిపోకుండా మెల్లగా పులుస్తుంది. సోయా గింజలను ఉడికించి, దంచి, ఇటుకలవంటి ముద్దలుగా చేసి, గడ్డితాళ్ళతో కట్టి వేలాడదీస్తారు. ఈ ముద్దలే 'మేజు'. బాగా ఆరిన తరువాత వాటిని ఉప్పునీటిలో ఊరబెడతారు. కొన్నాళ్ళకు పైకి తేరిన ద్రవం 'గాంజాంగ్' అవుతుంది. అడుగున మిగిలిన ముద్ద 'దోయెన్‌జాంగ్' అవుతుంది. కొరియా వంటలకు ఇవే ప్రాణం. ఈ తయారీ విజ్ఞానాన్ని 2024లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒక జాడీ మెడకు చుట్టిన గడ్డితాటికి ఎర్రని మిరపకాయలు గుచ్చి ఉన్నాయి. కీడును దగ్గరకు రానీయకుండా అది కాపాడుతుందని వారి విశ్వాసం. మా అత్తగారు దాని ఎదుట చాలాసేపు నిలబడ్డారు. "మనం గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కడతాం. ఊరగాయ జాడీని మడికట్టుకొని గాని తాకం. ఏడాదికి సరిపడా కష్టం ఆ జాడీలో ఉంటుంది గదా! అది చెడిపోతుందన్న భయం వీళ్ళకూ ఉన్నదన్నమాట" అన్నారు.

తరువాతి వారం సియోల్‌లోని గ్వాంగ్‌జాంగ్ బజారుకు వెళ్ళాము. 1905లో స్థాపించిన ఈ బజారులో వరుసగా తినుబండారాల అంగళ్ళు ఉన్నాయి. ఒకచోట తిరుగుతున్న తిరుగలినుంచి పసుపుపచ్చని పిండి జారుతున్నది. అది పొట్టు తీసిన పెసలపిండి. దానితో వేసే అట్టు పేరు 'బిందెత్తోక్'. మన పెసరట్టు పలుచగా ఉంటుంది. ఇది మందంగా ఉంటుంది. మనం అల్లం, పచ్చిమిర్చి చేరుస్తాము. వారు మొలకలు, కిమ్చి, తరచుగా మాంసం కూడా చేర్చి, నూనె ధారాళంగా పోసి వేయిస్తారు. మాంసం తగలని పెనం వేరుగా లేదని తెలిసి అత్తగారు దానిని రుచి చూడలేదు. అయినా అక్కడినుంచి కదలక, తిరుగలినుంచి జారే పిండిని పుట్టింటివారిని చూసినట్లు చూస్తూ నిలబడ్డారు.

ఈ ఎరుపుదనం, ఈ ఘాటు అనాదినుంచి వచ్చినవని కొరియావారూ మనమూ కూడా అనుకొంటాము. చరిత్ర వేరుగా చెబుతుంది. మిరపకాయ పుట్టినిల్లు అమెరికా ఖండం. అది 16వ శతాబ్దిలో పోర్చుగీసు వర్తకులద్వారా భారతదేశం చేరింది. ఆ శతాబ్ది ముగిసే కాలంలో కొరియాకు చేరిందని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. అంతకుముందు మన వంటలకు కారం మిరియాలనుంచి లభించేది. వారి కిమ్చి ఉప్పులో ఊరిన కూరగాయగా ఉండేది. నేడు ఏ రుచిని మన జాతి లక్షణంగా చెప్పుకొంటున్నామో, ఆ రుచి ఒకనాడు ఓడ దిగి వచ్చిన అతిథి.

మరొక ఆదివారం గ్యోంగ్‌బోక్‌గుంగ్ రాజప్రాసాదాన్ని దర్శించాము. జోసన్ రాజవంశం 1395లో నిర్మించిన ఈ ప్రాసాదం 1592లో జపాను దండయాత్ర సమయాన అగ్నికి ఆహుతి అయింది. 1867లో దానిని పునర్నిర్మించారు. సంప్రదాయ వస్త్రమైన 'హాన్‌బోక్' ధరించి వచ్చినవారికి అక్కడ ప్రవేశరుసుము లేదు. మా అమ్మాయి ఆ పొడవైన పావడా కట్టుకొని, "నానమ్మా! ఇది మన పరికిణీలాగే ఉంది" అని మురిసిపోయింది.

అక్కడికి సమీపంలోనే జోగ్యేసా బౌద్ధాలయం ఉంది. ఆ పరిసరాలలో బౌద్ధాలయ పద్ధతిలో వండిన భోజనం లభించింది. అందులో మాంసం ఉండదు. ఉల్లి, వెల్లుల్లి మొదలైన అయిదు ఘాటైన దినుసులు కూడా ఉండవు. కార్తీకమాసంలో ఉల్లి ముట్టని అత్తగారికి ఆ నియమం ఎవరూ వివరించవలసిన పని లేకపోయింది. ఇల్లు విడిచిన తరువాత బయట ఆవిడ తృప్తిగా చేసిన తొలి భోజనం అదే. మఠాలలో భిక్షువులు ఒక్క మెతుకు విడువక తిని, పాత్రను నీటితో కడిగి ఆ నీటిని కూడా త్రాగుతారని తెలిసి, "అన్నం పరబ్రహ్మమని మనం నోటితో అంటాం, వీళ్ళు చేసి చూపుతున్నారు" అన్నారు.

కొరియావారి పంక్తిభోజనంలో ముందుగా పెద్దలు చెంచా ఎత్తాలి. తరువాతనే పిన్నలు తినాలి. పెద్దలు ఇచ్చినదానిని రెండు చేతులతో అందుకోవాలి. అన్నంలో పుల్లలను నిలువుగా గుచ్చరాదు. అది మృతులకు అన్నం సమర్పించే పద్ధతి. పరిచయం లేని పెద్దలను కూడా వరుస పెట్టి పిలుస్తారు. మా అమ్మాయి ఎదురింటి వృద్ధురాలిని 'హాల్మోని' అని, అంటే నానమ్మా అని పిలిచేది.

ఆ హాల్మోని 'చుసోక్' పండుగనాడు మాకు 'సోంగ్‌ప్యోన్' పంపింది. బియ్యప్పిండిలో నువ్వులో, చిక్కుడు గింజలో పెట్టి, అర్ధచంద్రాకారంగా మడిచి, పైన్ ఆకులపై ఆవిరిపట్టిన కుడుములవి. చుసోక్ వారి ఎనిమిదవ చాంద్రమాసంలో పౌర్ణమినాడు వస్తుంది. ఆనాడు పితరులకు కొత్త పంటతో నివేదన చేస్తారు. చాలా సంవత్సరాలలో అది మన భాద్రపద పౌర్ణమే. ఆ మరునాటినుంచి మనకు మహాలయపక్షం ఆరంభమవుతుంది.

నవంబరు చివర హాల్మోని మమ్మల్ని 'కిమ్‌జాంగ్'కు పిలిచింది. శీతకాలానికి కావలసిన కిమ్చిని బంధువులు, ఇరుగుపొరుగు కలిసి ఒక్కసారే తయారుచేసుకొని పంచుకొనే ఆచారమిది. దీనిని 2013లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. పూర్వం జాడీలను నేలలో పాతిపెట్టేవారు. నేడు చాలా ఇండ్లలో కిమ్చికి వేరే ఫ్రిజ్ ఉంటుంది. రాత్రంతా ఉప్పులో ఊరిన క్యాబేజీని కడిగి, కారం, వెల్లుల్లి, అల్లం, ముల్లంగి కలిపిన ముద్దను ఆకు ఆకుకూ పూస్తారు. ఉప్పులో ఊరిన రొయ్యలు కలపకముందే హాల్మోని మాకోసం ప్రత్యేకంగా కొంత ముద్ద తీసి పక్కన ఉంచింది. అత్తగారు కొంగు దోపుకొని ఆ ముద్దను ఆకులకు పూయసాగారు.

పని సాగుతుండగా హాల్మోని చెప్పే మాటలను మా అమ్మాయి మాకు తెలుగులో చెబుతున్నది. వృద్ధురాలి తమ్ముడు యౌవనంలో చదువుకోసం పరదేశం వెళ్ళాడట. అతని కిమ్చి వాసనకు తోటివారు ముక్కులు మూసుకొంటే, సీసాను కిటికీ బయట దాచుకొని తినేవాడట. ఇంతవరకు చెప్పి మా అమ్మాయి ఆగిపోయింది. తరువాత లేచి, మా ఇంటికి వెళ్ళి ఆవకాయ సీసా తెచ్చింది. హాల్మోని ఒక ముక్క నోట వేసుకొన్నది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "దీనిని ఏ నెలలో పెడతారు?" అని. "వేసవిలో, కొత్తకాయ దిగినప్పుడు. ఇంటిల్లిపాదీ కూర్చుంటాం" అన్నారు అత్తగారు. ఆపైన ఇద్దరు వృద్ధులకూ దుబాసీతో పని అంతగా లేకపోయింది.

తరువాత మా అమ్మాయి ఆవకాయ అన్నం బడికి తీసుకొని వెళ్ళింది. కొందరు రుచి చూశారు, కొందరు వద్దన్నారు. ఆమె మాత్రం మూత తీసే తింటున్నది.

ఒక దేశపు వంటకాన్ని రుచి చూసినంతమాత్రాన ఆ దేశం తెలిసినట్లు కాదు. ఇష్టం లేనిది తినవలసిన అవసరమూ లేదు. అత్తగారు తమ నియమాన్ని ఎక్కడా సడలించలేదు. ఆ కారణంగా ఎవరికీ దూరమూ కాలేదు. ఎండను, ఉప్పును, కాలాన్ని నమ్ముకొని రేపటి కోసం నేడు శ్రమించే చేతులను చూడాలి. వాటిని చూసినవారు ఇతరుల జాడీని చులకన చేయరు. తమ జాడీని దాచుకోరు.

కఠిన పదాలు – అర్థాలు

దేశాంతరం = మరొక దేశం
ప్రాసాదం = రాజభవనం
అమూర్త = ఆకారం లేని
ఆహుతి అగు = అగ్నిలో కాలిపోవు
పితరులు = గతించిన పూర్వులు
దుబాసీ = ఒకరి భాషను మరొకరికి తెలియజెప్పేవారు

వ్యాసరూప ప్రశ్నలు

1. కొరియావారి జాడీల అరుగుకు, తెలుగువారి ఊరగాయ జాడీకి గల పోలికలను వివరించండి.
2. కిమ్‌జాంగ్ సందర్భంలో అమ్మాయి మనసులో కలిగిన మార్పును విశ్లేషించండి.

సంక్షిప్త ప్రశ్నలు

1. మిరపకాయ చరిత్రనుంచి రచయిత్రి గ్రహించినదేమిటి?
2. బౌద్ధాలయ భోజనం అత్తగారికి తృప్తి కలిగించడానికి కారణాలేవి?

సంధులు

దేశాంతరం = దేశ + అంతరం – సవర్ణదీర్ఘసంధి
శాకాహారి = శాక + ఆహారి – సవర్ణదీర్ఘసంధి
ప్రత్యేకం = ప్రతి + ఏకం – యణాదేశసంధి

సమాసాలు

ఆచారవ్యవహారాలు – ఆచారమును, వ్యవహారమును – ద్వంద్వ సమాసం
మట్టిజాడీలు – మట్టితో చేసిన జాడీలు – తృతీయా తత్పురుష సమాసం