లాంజ్ మెంబర్‌షిప్‌కి డబ్బు పెట్టొచ్చా?

సందేహాలు - సమాధానాలు

కన్సల్టింగ్ ఉద్యోగం నాది. నెలకు రెండు మూడుసార్లు క్లయింట్ ఉన్న ఊరికి విమానంలో వెళ్లి రావాలి. విమానాశ్రయ లాంజ్‌ల్లోకి వెళ్లనిచ్చే ప్రయారిటీ పాస్‌లో 469 డాలర్ల సభ్యత్వం తీసుకోమని స్నేహితులు అంటున్నారు. గిట్టుబాటవుతుందా?
– ఒక పాఠకుడు, డాలస్

సమాధానం: ముందు కాగితం మీద లెక్క చూద్దాం. అమెరికాలో ఈ పాస్ మూడు రకాలు. 99 డాలర్లది తీసుకుంటే లోపలికి వెళ్లిన ప్రతిసారీ మరో 35 డాలర్లు కట్టాలి. 329 డాలర్లదానిలో పదిసార్లు ఉచితం, ఆ తర్వాత మళ్లీ 35. మీరు అడిగిన 469 డాలర్లదానికి పరిమితి లేదు. ఏడాదికి ఆరుసార్లకు మించి వెళ్లనివారికి మొదటిది చవక. ఏడు నుంచి పద్నాలుగు వరకు రెండోది నయం. పదిహేనోసారి నుంచి మూడోది కలిసొస్తుంది. వెళ్లడం ఒకసారి, రావడం ఒకసారి కాబట్టి మీరు ఆ పదిహేనును మూడు నాలుగు నెలల్లోనే దాటేస్తారు.

అయినా వెంటనే కట్టేయొద్దనే నా సలహా. ఆ 35 డాలర్లు వాళ్లు పెట్టిన ధర, మీకు ఆదా అయ్యే డబ్బు కాదు. లాంజ్ లేకపోతే మీరు గేటు దగ్గర కాఫీ, ఒక శాండ్‌విచ్ కొనుక్కుంటారు. మీకు నిజంగా మిగిలేది ఆ పదిహేనో ఇరవయ్యో డాలర్లే. ఆఫీసు పని మీద తిరిగేటప్పుడు ఆ బిల్లు కూడా చాలా కంపెనీలు తిరిగి ఇస్తాయి. మీ కంపెనీ కూడా బిల్లు చూసి ఇచ్చేదైతే, లాంజ్‌లో తిని మీరు మిగిల్చేది కంపెనీ డబ్బు. రోజుకింత అని చేతికిచ్చేదైతే ఆ మిగులు మీదే. ముందు ఇది తేల్చుకోండి.

ఆ తర్వాత, విమానాశ్రయంలో మీరు నిజంగా ఎంతసేపు కూర్చుంటున్నారో గమనించండి. తరచూ తిరిగేవాళ్లు బోర్డింగ్‌కు కాస్త ముందు వచ్చి నేరుగా గేటుకు నడుస్తారు. అలాంటివారికి లాంజ్ తలుపు తీసే తీరికే ఉండదు. సాయంత్రం రద్దీ వేళ నిండిపోయిందని పాస్ ఉన్నవాళ్లను వెనక్కి పంపడం కూడా మామూలే. డాలస్ ఫోర్ట్‌వర్త్‌లో స్కైలింక్ రైలు ఉంది కనుక సెక్యూరిటీ దాటాక ఏ టెర్మినల్‌కైనా వెళ్లొచ్చు. మీ క్లయింట్ ఊళ్లో ఆ వసతి ఉందా, మీరు ఎక్కే టెర్మినల్‌లో లాంజ్ ఉందా అన్నది యాప్‌లో చూసుకోండి.

ఇవన్నీ చూశాక కూడా కావాలనిపిస్తే కార్డుల వైపు చూడండి. క్యాపిటల్ వన్ వెంచర్ ఎక్స్ కార్డు ఏడాది ఫీజు 395 డాలర్లు. ప్రయారిటీ పాస్ అందులో కలిసే వస్తుంది. నెలనెలా బాకీ పూర్తిగా తీర్చే అలవాటున్నవారు పాస్‌ను విడిగా 469 పెట్టి కొనడంలో నాకు అర్థం కనిపించదు.

గతంలో మా క్రెడిట్ కార్డు మీద రెండు రూపాయలకే లాంజ్‌లోకి వెళ్లేవాళ్లం. ఇప్పుడు మూడు నెలల్లో ఇంత ఖర్చుపెడితేనే అంటున్నారు. ఆ ఖర్చు చేయడం మంచిదా, సొంతంగా సభ్యత్వం కొనడం మంచిదా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం: రెండూ వద్దమ్మా. ఆ రెండు రూపాయలు కార్డు సరైనదో కాదో చూడటానికి గీసేవి. అసలు ఖర్చు మీ తరఫున బ్యాంకు భరించేది. లాంజ్‌ల ముందు వరుసలు పెరిగేకొద్దీ బ్యాంకులు షరతులు బిగించాయి. 2023 డిసెంబరు నుంచి హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియా కార్డుకు మూడు నెలల్లో లక్ష రూపాయల ఖర్చు నియమం వచ్చింది. ఐసీఐసీఐ 2024 ఏప్రిల్‌లో తన కార్డుల్లో చాలావాటికి 35,000 అంది, ఆ నవంబరుకే దాన్ని 75,000 చేసింది.

ఇంటి సరుకులు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు అన్నీ కలిపి మీ మామూలు ఖర్చు ఆ గీత దాటుతుంటే సరే, వచ్చింది వాడుకోండి. దాటకపోతే దాటించడానికి ఏదీ కొనకండి. లాంజ్‌లో తినే ఇడ్లీ, ఉప్మా, పెరుగన్నం కోసం పదివేల వస్తువు అదనంగా కొన్నాక, ఆ నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోతే కార్డు బాకీ మీద నెలకు సుమారు మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. ఏడాదికి నలభై శాతం పైమాటే. ఈ ఒక్క ఉచ్చులో ఇరుక్కోవద్దని మిమ్మల్ని బతిమాలుతున్నాను.

ఏడాదికి రెండు మూడు దేశీయ ప్రయాణాలు చేసేవారికి సొంత సభ్యత్వం అసలే అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి గంటన్నర ప్రయాణానికి ఇంటి పులిహోర డబ్బా, ఖాళీ స్టీలు సీసా చాలు. సెక్యూరిటీ దాటాక తాగునీటి కుళాయిలో సీసా నింపుకోవచ్చు. కోల్‌కతా విమానాశ్రయంలో 2024 డిసెంబరులో ప్రభుత్వం ఉడాన్ యాత్రీ కేఫ్ తెరిచి పది రూపాయలకు టీ, ఇరవైకి సమోసా పెట్టింది. తర్వాత చెన్నైలోనూ వచ్చింది. ఇలాంటివి మన విమానాశ్రయాలన్నింటిలో రావాలని గట్టిగా అడగాల్సింది మనమే.

మా అమ్మాయి పురిటికి నేనూ మావారూ మొదటిసారి అమెరికా వెళ్తున్నాం. దోహాలో ఏడు గంటలు ఆగాలి. లాంజ్ మెంబర్‌షిప్ తీసుకుంటానని అల్లుడు అంటున్నాడు. ఆయన డబ్బు వృథా చేయించడం నాకిష్టం లేదు. నాకు మోకాళ్ల నొప్పులు.
– ఒక తల్లి, ఖమ్మం

సమాధానం: అమ్మా, ఈ ఖర్చుకు సంకోచపడకండి. మీ అల్లుడిగారి ఆలోచన మంచిదే, కొనాల్సిన వస్తువు మాత్రం వేరు. అల్లుడి పేరున ఉన్న మెంబర్‌షిప్ మీకు పనికిరాదు. పాస్ మీద పేరు, బోర్డింగ్ పాస్ మీద పేరు ఒకటే కావాలి. ఏడాది సభ్యత్వం బదులు ఆ ఒక్కరోజుకు మీ ఇద్దరి పేర్లతో లాంజ్ ముందే బుక్ చేయమని చెప్పండి. చాలా లాంజ్‌లు మూడు నాలుగు గంటలకు మించి ఉండనివ్వవు. ఎన్ని గంటలకు డబ్బు కడుతున్నారో, ఏ సమయానికి లోపలికి వెళ్లాలో ఆయన్నే చూడమనండి.

లాంజ్ కన్నా ముందు చేయించాల్సింది మరొకటి ఉంది. టికెట్‌లో వీల్‌చైర్ సాయం నమోదు చేయించండి. దానికి డబ్బు ఉండదు. అక్కడి సిబ్బంది విమానం తలుపు దగ్గర నుంచి సెక్యూరిటీ, తర్వాతి గేటు దాకా తీసుకెళ్తారు. భాష రాకపోయినా దారి తప్పే భయం ఉండదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ‘నేను నడవగలను’ అని మొహమాటపడి ఆ పెద్ద విమానాశ్రయంలో నడవకూడదు. లాంజ్‌కి వెళ్లాలని వారికి ముందే చెప్పండి. ఎన్నింటికి వచ్చి మళ్లీ తీసుకెళ్తారో అడిగి, ఆ సమయం కాగితం మీద రాయించుకోండి. చాలా లాంజ్‌లలో బోర్డింగ్ గురించి మైకులో చెప్పరు. ఫోన్లో అలారం పెట్టుకోండి. ఫోన్ గడియారం దోహా సమయం చూపిస్తోందా లేదా అని కూడా చూడండి. మన సమయానికి అది రెండున్నర గంటలు వెనుక.

లాంజ్ దొరక్కపోతే దిగులుపడకండి. దోహా హమద్ విమానాశ్రయంలో ఆడవారికి, మగవారికి వేర్వేరుగా నిశ్శబ్ద గదులున్నాయి, వాలుకుర్చీల్లో నడుం వాల్చొచ్చు, డబ్బు లేదు. మందులు, ఒక శాలువా చేతిసంచిలోనే ఉంచుకోండి.

లాంజ్ పాస్ ఉచితం, ఈ యాప్ వేసుకోండి అని వాట్సాప్‌లో లింకు వచ్చింది. నమ్మొచ్చా?
– ఒక విద్యార్థి, విజయవాడ

సమాధానం: నమ్మొద్దు. 2024లో బెంగళూరు విమానాశ్రయంలో ఒక ప్రయాణికురాలు ఇలాంటి నకిలీ యాప్ వేసుకుని 87,000 రూపాయలకు పైగా పోగొట్టుకున్నారు. ఆ యాప్ ఫోన్‌కు వచ్చే సందేశాలను, వాటిలోని ఓటీపీలను మోసగాళ్లకు చేరవేసేది. లాంజ్ తలుపు దగ్గర ఎవరైనా యాప్ వేసుకోమంటే, మీ బ్యాంకు సొంత యాప్ తప్ప మరేదీ వేసుకోకండి. ఇప్పటికే వేసుకుని ఉంటే ఇంటర్నెట్ ఆపి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకూ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పండి.

ఢిల్లీ విమానం నాలుగు గంటలు ఆలస్యమైతే పిల్లలతో లాంజ్‌కు మూడువేలు పెట్టాను. ఈ డబ్బు తిరిగి వస్తుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: మీ ఇష్టంతో వెళ్లిన లాంజ్ డబ్బు రాదు. కానీ మీకు రావాల్సింది ఒకటి మీరు అడగలేదు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం ప్రకారం రెండున్నర గంటల లోపు ప్రయాణానికి రెండు గంటలు, అయిదు గంటల లోపు ప్రయాణానికి మూడు గంటలు ఆలస్యమైతే, సమయానికి చెక్-ఇన్ చేసినవారికి భోజనం, తినుబండారాలు విమాన సంస్థ ఉచితంగా ఇవ్వాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 3 లోపు బయలుదేరాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ గది కూడా. గేటు దగ్గర సిబ్బంది తమంతట తాము చెప్పకపోవచ్చు. ఈసారి బోర్డులో కొత్త సమయం చూడగానే బోర్డింగ్ పాస్‌లు పట్టుకుని కౌంటర్‌కు వెళ్లి, ఫుడ్ కూపన్లు ఎక్కడ ఇస్తున్నారని అడగండి.