పాత కారు – కొత్త భాగాలు



అంబాసిడర్ కారును మీలో చాలామంది చూసే ఉంటారు. ఉబ్బెత్తు బానెట్టు, గుండ్రని హెడ్‌లైట్లు, పదిమంది కూర్చున్నా కిక్కురుమనని సీట్లు! మీ ఇంట్లో తాతగారిని అడిగితే దాని కథలు గంటసేపు చెబుతారు. బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు దీనికి మూలం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారంలో 1957లో మొదలైన దీని తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది.

మా అనకాపల్లిలో ఒక బెల్లం వర్తకునికి 1974లో కొన్న అంబాసిడర్ ఉంది. పదిహేనేళ్లు అది షెడ్డులోనే పడి ఉంది. కిందటేడాది ఆయన మనవడు దానిని బాగుచేయించడానికి పూనుకున్నాడు. మెకానిక్ నా పాత విద్యార్థి. "మాస్టారూ, మీరూ ఒకసారి వచ్చి చూడండి" అని పిలిచాడు. ఆ షెడ్డులో నేను చూసినవీ, చూడవలసి ఉండి చూడనివీ ఈ నెల పాఠంగా చెబుతాను. చూడకపోవడం వల్ల మాకు ప్రాణాపాయం తప్పింది కానీ, వెంట్రుకవాసిలో తప్పింది.

డిక్కీలో తుప్పు

కారు మీద ధూళి దులిపి చూస్తే పైకప్పు బాగానే ఉంది. డిక్కీ అడుగు మాత్రం జల్లెడలా అయిపోయింది. అక్కడే ఎందుకు? జవాబు తాతగారే చెప్పారు. ఆయన ఏళ్ల తరబడి ఆ డిక్కీలోనే బెల్లం దిమ్మలు యార్డుకు తీసుకువెళ్లేవారట.

వానాకాలంలో బెల్లం చెమర్చడం మీరు ఎరుగుదురు. గాలిలోని నీటి ఆవిరిని పీల్చుకోవడం దాని గుణం. ఇటువంటి పదార్థాలను ఆర్ద్రతాగ్రాహకాలు అంటారు. డిక్కీ మూలల్లో, రేకుల అతుకుల్లో చేరిన బెల్లం పొడి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. బెల్లంలో చక్కెరతో పాటు ఖనిజ లవణాలు కూడా ఉంటాయి. లవణాలు కరిగిన నీరు విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కదా! తుప్పు పట్టడానికి కావలసింది సరిగ్గా అదే.

తుప్పు పట్టడమంటే ఇనుప రేకు మీద ఒక చిన్న విద్యుత్ ఘటం పనిచేయడమే. ఒకచోట ఇనుము పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి అయాన్లుగా మారుతాయి. ఆ ఎలక్ట్రాన్లు రేకు గుండా మరొకచోటికి పోయి, అక్కడ ఆక్సిజన్‌తోనూ నీటితోనూ కలిసి హైడ్రాక్సైడ్ అయాన్లను ఏర్పరుస్తాయి. ఇవీ, ఇనుప అయాన్లూ కలిసి క్రమంగా ఆర్ద్ర ఐరన్ ఆక్సైడ్, అనగా తుప్పు, తయారవుతుంది. తుప్పు ఆక్రమించే చోటు అది పుట్టిన ఇనుము కంటె ఎక్కువ. అందుకే పైనున్న రంగు బుడగలా లేస్తుంది. సముద్రపు ఒడ్డున ఉండే ఊళ్లలో ఉప్పుగాలి వల్ల ఇదే పని మరింత జోరుగా సాగుతుంది.

ఆ బుడగను గీకి, పుట్టీ పెట్టి, మీద రంగు కొడితే కారు కొత్తదానిలా మెరుస్తుంది. కాని లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. పైగా ఈ కారుకు లారీకి ఉన్నట్లు విడిగా ఛాసిస్ లేదు. బాడీ రేకులే బరువు మోస్తాయి. కనుక అడుగు రేకు పోవడమంటే ఇంటి పునాది పోవడమే. మావాడు కుళ్లిన రేకును పూర్తిగా కోసివేసి, కొత్త రేకు వెల్డింగ్ చేశాడు. మిగిలిన పలుచని తుప్పు మీద ఫాస్ఫారికామ్లం గల ద్రావణం పూశాడు. అది తుప్పును గట్టి ఐరన్ ఫాస్ఫేట్ పొరగా మారుస్తుంది. ఆ పైన జింకు ఉన్న ప్రైమరు. జింకు ఇనుము కంటె చురుకైన లోహం. కనుక ముందు తాను క్షయమై ఇనుమును కాపాడుతుంది.

ఘాట్ రోడ్డులో పరీక్ష

రంగు, సీట్లు, ఇంజను బోరింగు అన్నీ అయ్యాయి. బ్రేక్ షూలకు కొత్త లైనింగులు వేశారు. ఒక ఆదివారం ముగ్గురం పాడేరు ఘాట్ ఎక్కాము. ఎక్కడంలో ఏ ఇబ్బందీ లేదు. దిగేటప్పుడు కుర్రవాడు పెట్రోలు పొదుపు చేద్దామని గేరు తీసివేసి, బ్రేకు మీద కాలుపెట్టి దింపసాగాడు. నేను కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చున్నాను.

నాలుగైదు మలుపులు దాటాక "మాస్టారూ, బ్రేకు పట్టడం లేదు!" అన్నాడు. పెడలు దూదిలోకి దిగినట్లు అడుగంటా పోయింది. పక్కనున్న మెకానిక్ "రెండో గేరులో వెయ్యి!" అని అరుస్తూ హ్యాండ్‌బ్రేకు మెల్లమెల్లగా లాగాడు. కారు కొండవైపు గట్టును రాసుకుంటూ ఆగింది. రెండో వైపు లోయ.

ఏం జరిగింది? మొదట లెక్క చూద్దాం. కారూ, మనుషులూ కలిసి 1400 కిలోలు అనుకోండి. 500 మీటర్ల నిలువు ఎత్తు దిగితే అది కోల్పోయే స్థితిజశక్తి 1400 × 9.8 × 500 = 68,60,000 జౌళ్లు. శక్తి నశించదు కదా! గాలి నిరోధం, టైర్ల ఘర్షణ కొంత తీసుకున్నా, మిగిలినదంతా బ్రేకులలో ఉష్ణంగా మారాలి. ఈ శక్తి మొత్తం 30 డిగ్రీల వద్ద ఉన్న సుమారు 23 లీటర్ల నీటిని మరిగే స్థితికి తేగలదు. అంటే ఒక పెద్ద బిందెడు నీరు!

ఆ వేడి బ్రేకు ఆయిల్‌కు చేరింది. పెడలు నొక్కితే ఆ బలం చక్రాలకు అందేది పాస్కల్ సూత్రం ప్రకారం. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుంది. ద్రవాన్ని సంపీడనం చేయడం దాదాపు అసాధ్యం కనుకనే ఇది పనిచేస్తుంది. కాని ద్రవం మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరిని సులభంగా నొక్కవచ్చు. అప్పుడు మన కాలి బలమంతా బుడగలను నొక్కడానికే సరిపోతుంది, షూలకు అందదు.

మరి బ్రేకు ఆయిల్ అంత తేలికగా మరిగిందేమి? ఇక్కడే బెల్లం మళ్లీ గుర్తుకు వస్తుంది. సాధారణ బ్రేకు ఆయిల్ నిజానికి నూనె కాదు. గ్లైకాల్ జాతి ద్రవం. అదీ బెల్లం లాగే గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకపు కొత్త ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. తేమ చేరిన ద్రవానికి ఆ హద్దు 140 డిగ్రీలే. లైనింగులు మార్చాము గాని, పాత ద్రవాన్ని అలాగే ఉంచాము. చెమర్చే బెల్లం గురించి డిక్కీ దగ్గర నిలబడి ఉపన్యాసం ఇచ్చిన నేను, అదే గుణం ముందువైపు చిన్న డబ్బాలో ఉందని తలచలేదు. ఆ తప్పు నాది కూడా.

అరగంట ఆగాక ఆవిరి చల్లబడి ద్రవమైంది. పెడలు మళ్లీ గట్టిపడింది. రెండో గేరులోనే దిగాము. గేరులో ఉన్నప్పుడు చక్రాలు ఇంజనును బలవంతంగా తిప్పవలసి వస్తుంది. ఇంజను లోపల గాలిని నెట్టడంలో, ఘర్షణలో కారు శక్తి ఖర్చవుతుంది. బ్రేకుల పని తగ్గుతుంది. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ ఆ గేరే అని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే. హ్యాండ్‌బ్రేకు మమ్మల్ని కాపాడిందంటే, అది ద్రవంతో కాక తీగలతో, కడ్డీలతో పనిచేయడం వల్లనే.

డిస్క్ బ్రేకు ఎందుకు?

తరువాత కుర్రవాడు ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు బిగిద్దామన్నాడు. ఇది మంచి మార్పే. డ్రమ్ము బ్రేకులో షూలు డ్రమ్ము లోపల మూతపడి ఉంటాయి. వేడి బయటికి పోవడం కష్టం. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది. డిస్క్ మాత్రం గాలిలో తెరచి ఉంటుంది. అది వ్యాకోచించినా ప్యాడ్ల వైపుకే వస్తుంది.

ఒక చిక్కు ఉంది. డ్రమ్ము తిరిగే దిశ ముందు షూను మరింత లోపలికి లాగి, బ్రేకుకు సాయపడుతుంది. డిస్క్‌లో ఆ సాయం లేదు. కనుక ఎక్కువ బలంతో నొక్కాలి. అందుకే దానితో పాటు వాక్యూమ్ బూస్టరు అవసరం. ఇంజను పీల్చే గొట్టంలోని తక్కువ పీడనానికీ, బయటి వాతావరణ పీడనానికీ గల తేడా మన కాలికి తోడుగా నొక్కుతుంది. డిస్క్ కొని బూస్టరు మానివేస్తే సగం వైద్యమే అవుతుంది.

పెద్ద ఇంజను మోజు

ఘాట్ సంగతికి ముందు ఆ అబ్బాయి కోరిక వేరు: ఇంకా శక్తిగల ఇంజను పెట్టించడం. అమెరికాలో 1964లో పాంటియాక్ సంస్థ ఇటువంటి పనే చేసింది. మధ్యరకం కారులో 6.4 లీటర్ల పెద్ద ఇంజనును బిగించి జి.టి.ఓ. అనే పేరుతో అమ్మింది. మామూలు ఇంజనుతోనే 325 అశ్వసామర్థ్యం! మన అంబాసిడర్ 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను సామర్థ్యం 50 ప్రాంతంలో ఉండేది. ఇటువంటి కార్లకు 'మజిల్ కార్లు' అనే పేరు వచ్చింది. వాటికి కావలసిన విడిభాగాలు తయారుచేసే పెద్ద పరిశ్రమే అక్కడ ఉంది. అయితే ఆ మొదటి జి.టి.ఓ.కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ముందు డిస్కులు 1967 నమూనాలో గాని రాలేదు.

దీని అర్థమేమి? గతిజశక్తి వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 1400 కిలోల కారు గంటకు 60 కి.మీ. వేగంతో పోతుంటే దాని గతిజశక్తి సుమారు 1,94,000 జౌళ్లు. 90 కి.మీ. అయితే 4,37,500 జౌళ్లు. వేగం ఒకటిన్నర రెట్లు, బ్రేకుల పని రెండుంబావు రెట్లు! కనుక ఇంజను ఒక్కటే మార్చడం కుదరదు. బ్రేకులు, గేరుబాక్సు, వెనుక ఇరుసు, రేడియేటరు, స్ప్రింగులు అన్నీ ఒకే గొలుసులోని కడియాలు. ఒక కడియాన్ని బలపరిస్తే, ఆ భారం పక్క కడియం మీద పడుతుంది.

చిన్న భాగాలలో పెద్ద సంగతులు

చక్రాల విషయం చూడండి. చాలా పాత కార్లలో స్పీడోమీటరు వేగాన్ని నేరుగా కొలవదు. గేరుబాక్సు వెనుకనున్న షాఫ్టు తిరిగే చుట్లను లెక్కిస్తుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే కారు నడిచే దూరం దాని చుట్టుకొలత. టైరు వ్యాసం 66 సెం.మీ. నుంచి 72.6 సెం.మీ.కు పెంచారనుకోండి. ముల్లు 50 చూపుతున్నప్పుడు కారు నిజానికి 55 కి.మీ. వేగంతో పోతుంది.

పాత డైనమో తీసి ఆల్టర్నేటరు పెడితే ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు కూడా బ్యాటరీ చార్జి అవుతుంది. అది పుట్టించే ఏకాంతర విద్యుత్తును డయోడ్లు ఏకముఖంగా మారుస్తాయి. కాని పాత బ్రిటిష్ కార్లు అనేకంలో బ్యాటరీ ధన ధ్రువాన్ని బాడీకి కలిపేవారు. అది చూడకుండా కలిపితే డయోడ్లు క్షణంలో కాలిపోతాయి.

పెట్రోలు కూడా మారింది. 2000 సంవత్సరం వరకు మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు దొరికేది. ఆ సీసపు సమ్మేళనాలు పాత ఇంజనులలో వాల్వు సీట్లు అరగకుండా కాపాడేవి. ఆరోగ్యానికి హానికరం కనుక సీసాన్ని తొలగించారు. అందుకని పాత ఇంజనులకు గట్టి వాల్వు సీట్లు వేయాలి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. చెరకు మడ్డి నుంచి కూడా దానిని తీస్తారు. అది పాత రకపు రబ్బరు గొట్టాలను ఉబ్బించి పాడుచేయగలదు. గొట్టం పగిలి పెట్రోలు వేడి ఇంజను మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కనుక ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయాలి.

చట్టం ఏమంటుంది?

కారు మనదే అయినా రోడ్డు అందరిదీ. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్ణయించిన ముఖ్య లక్షణాలను ఇష్టం వచ్చినట్లు మార్చరాదు. ఇంజను మార్చాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి. 50 ఏళ్లు దాటి, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు లేని వాహనాలకు 'వింటేజ్' గుర్తింపునిచ్చే నియమాలు 2021లో వచ్చాయి. వాటిని రోజువారీ ప్రయాణాలకు వాడరాదు.

చివరికి ఆ అబ్బాయి తాతగారి పాత ఇంజనునే ఉంచాడు. బ్రేకులకు ఖర్చు పెట్టాడు. "మాస్టారూ, పరుగెత్తించడం కంటె ఆపడమే కష్టమని తెలిసింది" అన్నాడు. ఇప్పుడు బ్రేకు ద్రవం మార్చిన తేదీ ఒక చీటీ మీద రాసి బానెట్టు లోపల అంటించి ఉంది.

మీరు చేసి చూడండి

1. నాలుగు సీసాలలో తలా ఒక శుభ్రమైన ఇనుప మేకు వేయండి. ఒకటి పొడిగా గట్టి మూతతో, రెండవది మరిగించి చల్లార్చిన నీటిలో, పైన నూనె పొరతో, మూడవది మామూలు నీటిలో, నాలుగవది ఉప్పునీటిలో. వారం తరువాత ఏది ఎక్కువ తుప్పు పట్టింది? ఎందుకు?

2. వానాకాలంలో ఒక బెల్లం ముక్కను పళ్లెంలో పెట్టి, చీమలు పట్టకుండా నీటి గిన్నెకు దూరంగా ఎత్తున ఉంచి, రోజూ ఒకే వేళకు తూచండి. బరువులను గ్రాఫుగా గీయండి.

3. మీ సైకిలు బ్రేకు పట్టుకుని వాలు దిగాక, ఆగి, చక్రం అంచును జాగ్రత్తగా తాకి చూడండి. ఆ వెచ్చదనం ఎక్కడి నుంచి వచ్చిందో మీ మాటల్లో రాయండి.